తోకచుక్కకు పేరిచ్చిన వైను బప్పుగారు

2023వ సంవత్సరము ఫిబ్రవరి మాసము రెండవ వారములో నొక సాయంకాలము మేము మా పాఠశాల పిల్లలను పండ్రెండుగురిని వెంటబెట్టుకొని ఊరి వెలుపలనున్న వేరుసెనగ చేలలోనికి పోయితిమి. పంట తీసిన నేల బీడువలె నుండెను. చుట్టుపట్ల దీపము లేదు. ఆకాశమున మబ్బు తునక యైనను లేదు. అమెరికా దేశములోని పాలొమార్ కొండమీద నున్న జ్విక్కీ పరిశోధనా యంత్రముచే 2022వ సంవత్సరము మార్చి నెలలో కనుగొనబడిన తోకచుక్క యొకటి యప్పుడు మన ఆకాశమున సంచరించుచుండెను. అది ఫిబ్రవరి 1వ తేదీన భూమికి సుమారు 4 కోట్ల 20 లక్షల కిలోమీటర్ల దూరమువఱకు వచ్చి, మరల దూరమగుచు, ఆ వారమున ఎఱ్ఱని అంగారకుని చెంత నుండెను. మాయొద్ద బైనాక్యులరు అను జంటగొట్టముల దుర్భిణి యొకటి యుండెను. అది వస్తువులను ఏడు రెట్లు పెంచి చూపును. దాని ముందటి అద్దములు ఏబది మిల్లీమీటర్ల వెడల్పు గలవి.

పిల్లలు ఒకరి వెనుక నొకరు చూచి, తోకచుక్క ఏ రంగున నున్నదో తమ పుస్తకములలో వ్రాసికొనిరి. ఐదుగురు ఆకుపచ్చ అని వ్రాసిరి. ఆఱుగురు బూడిద వన్నె అని వ్రాసిరి. ఒక బాలుడు తనకేమియు కనబడలేదని వ్రాసెను. మఱునాడు ఆ ఐదుగురిలో నొకడు మాయొద్దకు వచ్చి, తాను చూచినది బూడిద మబ్బువంటిదే యనియు, వార్తాపత్రికలో ఆకుపచ్చ పటమును చూచియుండుటచే అట్లు వ్రాసితిననియు సిగ్గుతో చెప్పెను. ఆ మాట విని మాకు కోపము రాలేదు. తాను చూచినదేదో, తాను వినినదేదో వేఱుచేసికొనుట పెద్దలకును కష్టమైన పని. ఆ పనినే తన జీవితమంతయు చేసి, తన పేరును ఒక తోకచుక్కకు ఇచ్చిన మహనీయుని చరిత్రమును మా పిల్లలకు చెప్పవలెనని యప్పుడే తలంచితిమి. ఆయనయే వైను బప్పుగారు.

మనాలి కల్లాట్ వైను బప్పుగారు 1927వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన మద్రాసు నగరమున జన్మించిరి. వారి పూర్వులు మలబారు సీమవారు. అయినను వారు పెరిగినది మన తెలుగు నేలయందలి హైదరాబాదులోనే. వారి తండ్రిగారు అచ్చటి నిజామియా వేధశాలలో సహాయకులుగా పనిచేయుచుండిరి. ఆ వేధశాల 1901వ సంవత్సరమున నవాబు జఫర్ జంగుగారిచే స్థాపింపబడి, పిమ్మట బేగంపేటకు మార్చబడినది. అందు పదునైదు అంగుళముల గ్రబ్ దూరదర్శినియు, ఆకాశమును ఛాయాచిత్రములుగా తీయు యంత్రమును ఉండెడివి. ఇతర బాలురు తోటలో నాడుకొను వయస్సున ఈ బాలుడు దూరదర్శినుల నడుమ తిరుగుచు నక్షత్రముల పేర్లు నేర్చికొనెను. తల్లిదండ్రులకు వారొక్కరే సంతానము.

నిజాము కళాశాలలో చదువుచుండగనే వారు నక్షత్రములను క్రమముగా పరిశీలింప మొదలిడిరి. కొన్ని నక్షత్రములు మాసముల తరబడి క్రమముగా వెలుగు పెరిగి, మరల తగ్గుచుండును. అట్టివానిని దీర్ఘకాలిక చర నక్షత్రములందురు. అవి తఱచుగా ఎఱ్ఱనివి. ఎఱ్ఱని చుక్కను ఎంతసేపు తేఱిపాఱ చూచినచో అంత ప్రకాశముగా తోచును; ప్రక్కనున్న తెల్లని చుక్కతో పోల్చునప్పుడు ఇద్దఱి కన్నులు రెండు విధములుగా లెక్కచెప్పును. ఈ చిక్కునే విషయముగా గైకొని బప్పుగారు 1946వ సంవత్సరమున, ఇంకను పందొమ్మిదేండ్ల ప్రాయములో, చర నక్షత్రముల పరిశీలనమున రంగు కలిగించు పొరపాటును గూర్చి బెంగుళూరు నుండి వెలువడు కరెంట్ సైన్సు పత్రికలో వ్యాసము ప్రకటించిరి. ఆకాశమున ఏమున్నదని అడుగుటకు ముందు, తన కన్ను తన్ను మోసగించుచున్నదేమో యని అడిగిన విద్యార్థి యాయన. మా పాఠశాల బాలుడు సిగ్గుపడుచు చేసిన పనియు అదియే గదా.

పిదప హైదరాబాదు ప్రభుత్వమువారి విద్యార్థి వేతనమును పొంది, 1949వ సంవత్సరమున అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు పోయిరి. అచ్చటి వేధశాలకు హార్లో షాప్లీ అను ప్రసిద్ధ జ్యోతిశ్శాస్త్రవేత్త అధిపతిగా నుండెను. బప్పుగారు చేరి కొన్ని నెలలైనను నిండకమునుపే, ఆ యేడు జూలై 2వ తేదీన, రాత్రి తీసిన ఛాయాచిత్ర ఫలకమును పరీక్షించుచుండగా, చుక్కల నడుమ చుక్క కానిదొకటి వారి కంటబడెను. నక్షత్రములు సూదిమొనలవలె నుండ, అది మాత్రము మసకగా నుండెను. తొందరపడి చాటుకొనక, తమ గురువగు బార్ట్ బాక్ గారితోను, తోడి విద్యార్థియగు గార్డన్ న్యూకర్క్ తోను కలసి దానిని మరల మరల సరిచూచి, క్రొత్త తోకచుక్క యని నిశ్చయించిరి. లోకమంతయు దానిని బప్పు-బాక్-న్యూకర్క్ తోకచుక్క యని పిలిచినది. పసిఫిక్ జ్యోతిశ్శాస్త్ర సంఘమువారు ఆయనకు డానొహో తోకచుక్క పతకమునిచ్చి గౌరవించిరి.

తోకచుక్క యనగా నేమి? అది మంచు, ధూళి కలసిన ముద్ద. సూర్యుని సమీపించినప్పుడు వేడికి మంచు ఆవిరియై, ధూళిని వెంటబెట్టుకొని వెలుపలికి చిమ్మును. దానినుండి వెలువడు కర్బన వాయువులోని రెండేసి పరమాణువుల జంటలు సూర్యకాంతిని గ్రహించి ఆకుపచ్చని వెలుగు నిచ్చును. ఈ జంటలు సూర్యకాంతికి త్వరలోనే చీలిపోవును గనుక ఆకుపచ్చ తల చుట్టునే యుండును గాని తోకవఱకు పోదు. ధూళి తోక సూర్యకాంతినే మరల చిమ్మును గనుక లేత పసుపు కలసిన తెలుపుగా నుండును. మఱి ఆ రంగు మా పిల్లలకేల కనబడలేదు? మసక వెలుగులో మన కంటియందు పనిచేయు కణములు వేఱు, రంగును గుర్తించు కణములు వేఱు. వెలుగు చాలనప్పుడు రంగు కణములు నిద్రించును. ఛాయాచిత్ర యంత్రము నిమిషముల తరబడి వెలుగును కూడబెట్టుకొనును. కన్ను అట్లు చేయజాలదు. కాబట్టి పత్రికలోని పటమును అబద్ధము కాదు, మా పిల్లలు చూచిన బూడిద వన్నెయు అబద్ధము కాదు. చూడని రంగును చూచితినని వ్రాయుట మాత్రమే తప్పు.

బప్పుగారు 1952వ సంవత్సరమున డాక్టరు పట్టమును పొంది, కార్నెగీ సంస్థవారి వేతనముతో మౌంటు విల్సన్, పాలొమార్ వేధశాలలకు పోయిరి. అచ్చట ఓలిన్ విల్సన్ అను వానితో కలసి చేసిన పరిశోధన వారి కీర్తికి మూలమైనది. నక్షత్రపు వెలుగును వర్ణపటముగా విడదీసినప్పుడు, ఊదారంగు భాగమున కాల్షియము అను ధాతువు కలిగించు గీత యొకటి కనబడును. ఆ గీత నడుమ నుండు సన్నని వెలుగు రేఖ ఎంత వెడల్పుగా నున్నచో ఆ నక్షత్రము సహజముగా అంత కాంతిమంతమైనదని వీరిద్దఱును కనుగొనిరి. సహజ కాంతి తెలిసినచో, మనకు కనబడు కాంతితో పోల్చి దాని దూరమును లెక్కింపవచ్చును. 1957వ సంవత్సరమున ప్రకటింపబడిన ఈ విషయము విల్సన్-బప్పు ప్రభావము అను పేరున నేటికిని పాఠ్యగ్రంథములందున్నది.

అమెరికాలోనే యుండినచో గొప్ప దూరదర్శినులు, గొప్ప వేతనము, సుఖమైన బ్రతుకు వారికి లభించియుండెడివి. ఆనాడు మన దేశమున నక్షత్రములను పరిశోధించుటకు తగిన పెద్ద యంత్రము లేదు. అయినను వారు తిరిగివచ్చిరి. 1954వ సంవత్సరమున ఉత్తరప్రదేశ ప్రభుత్వముచే కాశీలో స్థాపింపబడిన వేధశాలకు ప్రధాన జ్యోతిశ్శాస్త్రవేత్తగా చేరి, దానిని నైనిటాలు కొండలకు తరలించిరి. 1960వ సంవత్సరమున కొడైకెనాల్ వేధశాలకు అధిపతులైరి. అది 1899వ సంవత్సరమున స్థాపింపబడి, సూర్యుని పరిశీలించుచున్న వేధశాల. బప్పుగారు సూర్యుని విడువలేదు, తోకచుక్కలను మఱువలేదు. తోకచుక్కలు సూర్యుని మిక్కిలి సమీపించినప్పుడు సోడియము వెలిగించు పసుపు కాంతిని పరిశీలించి, దానివలన సూర్యునినుండి వీచు కణముల గాలిని గూర్చి ఏమి తెలియునో వివరించుచు, శివరామన్ గారితో కలసి 1969వ సంవత్సరమున వ్యాసము వ్రాసిరి. హైదరాబాదులో బాలుడుగా నుండి తలపెట్టిన రంగు విచారము ఇట్లు పెరిగి ఫలించినది.

అయితే నక్షత్రములను చూచుటకు చీకటి కావలెను, నిర్మలాకాశము కావలెను. అట్టి చోటుకొఱకు వారు దక్షిణదేశమున వెదకి, తమిళనాడులోని జవ్వాది కొండలలో, అడవి నడుమనున్న కావలూరు గ్రామమును ఎంచిరి. అది సముద్రమట్టమునకు 725 మీటర్ల ఎత్తున నున్నది. మన అనంతపురముకంటె సుమారు రెండు డిగ్రీలు దక్షిణముగా నుండుటచే దక్షిణాకాశపు చుక్కలు కూడ చక్కగా కనబడును. 1968వ సంవత్సరమున, కొడైకెనాల్ కర్మశాలలోనే తయారైన 38 సెంటీమీటర్ల దూరదర్శినితో అచ్చట పని మొదలైనది. 1972వ సంవత్సరమున ఒక మీటరు దూరదర్శిని జర్మనీనుండి వచ్చి చేరినది. ఆ యేడే గురుగ్రహపు చంద్రుడగు గానిమీడ్ ఒక నక్షత్రమును మఱుగుపఱచిన సమయమున, ఆ చంద్రునికి పలుచని వాయుమండల ముండవచ్చునను సూచన కావలూరునందు లభించినది. 1977వ సంవత్సరము మార్చి 10వ తేదీన యురేనసు గ్రహమునకు వలయములు గలవని లోకము తెలిసికొన్న రాత్రి, కావలూరు పరిశీలకులును వానిని నమోదు చేసిరి. వీరి పూనికవలననే 1971వ సంవత్సరమున భారతీయ తారాభౌతిక సంస్థ స్వతంత్ర సంస్థగా ఏర్పడి, పిదప బెంగుళూరు కేంద్రముగా నడచుచున్నది.

తుదకు వారు తలపెట్టినది 2.34 మీటర్ల పెద్ద దూరదర్శిని. దానిని విదేశమునుండి కొని తెచ్చుట కాదు, మన దేశముననే మన పనివారిచేతనే నిర్మింపవలెనని వారి సంకల్పము. దాని పెద్ద అద్దమును బెంగుళూరులోనే అరగదీసి నునుపు చేయించిరి. 1979వ సంవత్సరమున అంతర్జాతీయ జ్యోతిశ్శాస్త్ర సమాఖ్యకు అధ్యక్షులుగా ఎన్నికైరి. ఆ పదవి నధిష్ఠించిన మొదటి భారతీయుడు వారే. 1981వ సంవత్సరమున ప్రభుత్వమువారు పద్మభూషణ బిరుదము నిచ్చిరి. ఆ సమాఖ్యవారి మహాసభ గ్రీసు దేశమున జరుగుచుండగా, అధ్యక్షుడు సభాపీఠమున లేడు. హృదయమునకు శస్త్రచికిత్స జరిగిన పిమ్మట, 1982వ సంవత్సరము ఆగస్టు 19వ తేదీన, జర్మనీ దేశపు మ్యూనికు నగరమున వారు కన్నుమూసిరి. అప్పటికి వారికి ఏబదియైదు సంవత్సరములు. ఎన్నో యేండ్లు కలగన్న ఆ దూరదర్శినిగుండా వారు ఒక్క చుక్కనైనను చూడలేదు. 1986వ సంవత్సరము జనవరి 6వ తేదీన అప్పటి ప్రధానమంత్రి రాజీవ్ గాంధీగారు దానికి వైను బప్పుగారి పేరు పెట్టిరి.

మా విద్యార్థుల తల్లియొకతె, ఆ తోకచుక్క వచ్చినందున ఈ యేడు వాన రాదేమో యని భయపడుచు మమ్ము అడిగెను. ఆమె భయమును మేము ఎగతాళి చేయలేదు. ధాత కరువు మొదలుకొని ఎన్ని కరువులు చూచిన సీమ మనది! కాని మన జిల్లాకు ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వానయే పడుటకు కారణము ఆకాశములోని తోకచుక్క కాదు. పడమటి కనుమలు నైరృతి మేఘముల నడ్డగించుట, తూర్పు సముద్రము దూరమగుట కారణములు. తోకచుక్క దారిని కాగితముమీద లెక్కింపవచ్చును. దానికి మనుష్యుల పేర్లు పెట్టవచ్చును. లెక్కకు అందిన వస్తువునకు భయపడ పనిలేదని మేమామెకు చెప్పితిమి. రాత్రి తన కుమార్తెతోకూడ వచ్చి చూడుమని పిలిచితిమి. ఆమె వచ్చి చూచెను. బూడిద మబ్బువంటిదని చెప్పెను.

బాలబాలికలారా! వానలేని మన పీఠభూమిని మేము పొగడబోము. ఎండిన బావులను చూచి పొగడువాడెవ్వడు? కాని ఆ కఱవు మబ్బులేని రాత్రులే మనకు నక్షత్రములను చూపుచున్నవి. వాని వెల మనము ఎట్లును చెల్లించుచున్నాము, ఫలమును విడచిపెట్టనేల? పెద్ద దూరదర్శిని లేకున్నను జంటగొట్టముల దుర్భిణి చాలును. అదియును లేకున్న కన్నులు చాలును. కన్ను చూచినదానిని చూచినట్లే వ్రాయుడు. ఆనాటి పట్టిక నేటికిని మా పాఠశాలలో నున్నది. అందు ఆకుపచ్చ అను మాటను కొట్టివేసి, దానిప్రక్క బూడిద అని ఒక బాలుడు తన చేతితో దిద్దిన చోటును చూచునప్పుడెల్ల, వైను బప్పుగారు జీవించియున్నచో ఆ దిద్దుబాటునే ముందుగా మెచ్చుకొనియుందురని మేము తలంతుము.