పెన్నీ చందాతో పార్లమెంటు తలుపు తెరిపించిన వకీలు డేనియల్ ఓకానెల్

ఐర్లాండ్ రాజధాని డబ్లిన్‌లో ప్రధాన వీధి పేరు ఓకానెల్ స్ట్రీట్. ఆ పేరు డేనియల్ ఓకానెల్ అనే వకీలుది. బ్రిటిష్ పాలనలో ఉన్న ఐర్లాండ్‌లో కేథలిక్కులకు పార్లమెంటులో కూర్చునే హక్కు తెచ్చింది ఆయనే. తర్వాత డబ్లిన్ మేయర్ కూడా అయ్యారు. అయితే ఆ హక్కుకి అసలు ఖరీదు కట్టింది మాత్రం ఆయన వెనక నడిచిన పేద రైతులు.

ఓకానెల్ 1775 ఆగస్టు 6న కెర్రీ కౌంటీలో పుట్టారు. పిల్లలు లేని పెదనాన్న దగ్గర పెరిగారు. చదువు కోసం ఫ్రాన్స్ వెళ్తే, అక్కడ విప్లవం ముదిరి 1793లో పారిపోయి రావాల్సి వచ్చింది. ఆ రక్తపాతం చూశాక, హింసతో సాధించేది ఏదీ నిలవదనే అభిప్రాయం ఆయనలో బలపడింది. జీవితమంతా దాని మీదే ఉన్నారు.

అప్పటి ఐర్లాండ్‌లో జనాభాలో ఎక్కువ మంది కేథలిక్కులే. కానీ అధికారం, భూములు ప్రొటెస్టెంట్ల చేతిలో ఉండేవి. కేథలిక్కులకు 1792లో వకీలు వృత్తి, 1793లో ఓటు దొరికాయి. జడ్జి కావడానికి గానీ, పార్లమెంటులో కూర్చోవడానికి గానీ వీల్లేదు. ఎంపీ ప్రమాణంలో కేథలిక్ ప్రార్థనలు విగ్రహారాధన అని ఒప్పుకోవాల్సి వచ్చేది. మతం మీద నమ్మకం ఉన్నవాడెవడూ ఆ మాట పలకలేడు.

ఓకానెల్ 1798లో కోర్టులో అడుగుపెట్టారు. పేరు, డబ్బు రెండూ వచ్చాయి. నోరు కూడా అంతే పదును. 1815లో డబ్లిన్ కార్పొరేషన్‌ని బిచ్చగాళ్ల సంస్థ అనే అర్థం వచ్చేలా తిట్టారు. అప్పట్లో అది ప్రొటెస్టెంట్ల గుత్తాధిపత్యంలో ఉండేది. దాని సభ్యుడు డి ఎస్టెర్ ఆయన్ని పిస్తోలు పోటీకి పిలిచారు. ఆ పోటీలో గాయపడి డి ఎస్టెర్ చనిపోయారు. ఆ పశ్చాత్తాపం ఓకానెల్‌ని చివరిదాకా వదల్లేదు. మృతుడి కూతురికి ఏటా కొంత సొమ్ము పంపుతూ వచ్చారు. మళ్లీ ఎప్పుడూ పోటీకి దిగలేదు.

1823లో ఆయన కేథలిక్ అసోసియేషన్ పెట్టారు. సభ్యత్వం ఏడాదికి ఒక గినీ, అంటే 21 షిల్లింగులు. డబ్బున్నవాళ్లకే అందే మొత్తం అది. అందుకే మరుసటి ఏడాది నెలకు ఒక పెన్నీ కడితే చాలన్నారు. లెక్క చూడండి: నెలకు పెన్నీ అంటే ఏడాదికి 12 పెన్నీలు, అంటే ఒక్క షిల్లింగు. గినీ పూర్తి కావాలంటే పేదవాడికి 21 ఏళ్లు పడుతుంది! అయినా చర్చిల దగ్గర, ఊళ్లల్లో పెన్నీలు జమ అయ్యాయి, వేల పౌండ్ల నిధి తయారైంది. డబ్బు కంటే పెద్ద లాభం ఇంకోటి ఉంది. పెన్నీ ఇచ్చిన ప్రతి మనిషీ ఇది తన పోరాటం అనుకున్నాడు.

1828లో క్లేర్ కౌంటీలో ఉప ఎన్నిక వచ్చింది. కేథలిక్కు ఎంపీగా కూర్చోకూడదని చట్టం ఉంది గానీ, పోటీ చేయకూడదని లేదు. ఆ సందు పట్టుకుని ఓకానెల్ నిలబడ్డారు. అప్పట్లో ఓటు రహస్యం కాదు, అందరి ముందు నోటితో చెప్పాలి. భూస్వామి చెప్పినట్టు వేయకపోతే కౌలు పోతుంది, ఇల్లు కూడా పోతుంది. అయినా ఏడాదికి 40 షిల్లింగుల విలువైన భూమి మీద హక్కుతో ఓటు పొందిన చిన్న రైతులు తెగించి ఓకానెల్‌కే వేశారు. ఆయనకు 2,057 ఓట్లు, ప్రత్యర్థి మంత్రి వెసీ ఫిట్జెరాల్డ్‌కు 982.

గెలిచినవాణ్ని లోపలికి రానివ్వకపోతే దేశం అట్టుడికిపోతుందని లండన్ భయపడింది. 1829 ఏప్రిల్‌లో వెల్లింగ్టన్ ప్రభుత్వం చట్టం మార్చింది. అయితే ఆ మార్పు పాత గెలుపుకి వర్తించదన్నారు. పాత ప్రమాణమే చేయమంటే ఓకానెల్ నిరాకరించారు. సీటు వదులుకుని, క్లేర్ నుంచి మళ్లీ పోటీ లేకుండా గెలిచి, 1830లో సభలో కూర్చున్నారు.

కానీ అదే సమయంలో ఇంకో చట్టం కూడా వచ్చింది. కౌంటీల్లో ఓటు అర్హత 40 షిల్లింగుల నుంచి 10 పౌండ్లకు పెంచేశారు. అంటే ఐదు రెట్లు. ఓకానెల్‌ని గెలిపించిన చిన్న రైతుల ఓటే పోయింది. రెండు లక్షలకు పైగా ఉన్న ఓటర్లు నలభై వేల లోపుకి పడిపోయారు. ఆయన దాన్ని ఆపలేకపోయారు. ఆయన విమర్శకులు దీన్ని ఎప్పటికీ మర్చిపోలేదు.

1840లో స్థానిక సంస్థల చట్టం మారింది. మరుసటి ఏడాది, ఒకప్పుడు తాను తిట్టిన అదే కార్పొరేషన్‌కి ఓకానెల్ మేయర్ అయ్యారు. సుమారు 150 ఏళ్లలో ఆ కుర్చీ ఎక్కిన మొదటి కేథలిక్కు ఆయనే. పగ తీర్చుకునే అవకాశం ఉన్నా, పదవిలో ఏ పార్టీ వైపూ మొగ్గనని మాటిచ్చారు. ఆయన తర్వాత మేయర్ అయినది ఒక ప్రొటెస్టెంటే.

న్యాయం తన వాళ్లకు మాత్రమే కావాలని ఆయన అడగలేదు. బానిసత్వాన్ని తీవ్రంగా వ్యతిరేకించారు. అమెరికా నుంచి తన ఉద్యమానికి చందాలు వస్తున్నా ఆ మాట మార్చలేదు. దాంతో అక్కడి దక్షిణ రాష్ట్రాల్లో ఆయన్ని బలపరిచే కొన్ని సంఘాలు మూతపడ్డాయి.

ఐర్లాండ్‌కు సొంత పార్లమెంటు తిరిగి రావాలన్నది ఆయన చివరి పోరాటం. 1843లో టారా కొండ దగ్గర సభకు లక్షల మంది వచ్చారు. అక్టోబర్ 8న క్లాంటార్ఫ్‌లో జరగాల్సిన సభను మాత్రం ప్రభుత్వం ముందు రోజు నిషేధించి సైన్యాన్ని దింపింది. రక్తం చిందకూడదని ఓకానెల్ సభ రద్దు చేశారు. కుర్రకారుకి అది వెనకడుగులా కనిపించింది. అయినా ఆయన్ని వదల్లేదు, కుట్ర కేసు పెట్టి ఏడాది జైలు వేశారు. మూడు నెలలకు పైగా జైల్లో ఉన్నాక 1844 సెప్టెంబర్‌లో లండన్‌లోని ప్రభువుల సభ ఆ తీర్పు కొట్టేసింది.

1845లో బంగాళాదుంప పంటకు తెగులు పట్టి కరువు మొదలైంది. 1847 ఫిబ్రవరిలో, గొంతు సరిగా పలకని స్థితిలో, తన ప్రజలను బతికించమని పార్లమెంటుని వేడుకున్నారు. అదే అక్కడ ఆయన ఆఖరి ప్రసంగం. తర్వాత రోమ్ యాత్రకు బయలుదేరి, మే 15న ఇటలీలోని జెనోవాలో కన్నుమూశారు.

ఆయన్ని డబ్లిన్‌లోని గ్లాస్‌నెవిన్ సమాధి స్థలంలో ఖననం చేశారు. ఒకప్పుడు కేథలిక్కులు తమవాళ్లను పూడ్చేటప్పుడు నలుగురిలో ప్రార్థన చేసుకోవడానికి కూడా అడ్డంకులు ఉండేవి. అందుకే 1832లో ఓకానెల్ పూనుకుని దాన్ని ఏర్పాటు చేయించారు. ఏ మతం వాళ్లయినా, ఏ మతం లేనివాళ్లయినా అక్కడ పూడ్చుకోవచ్చని మొదటి నుంచే నియమం పెట్టారు.