ఓడిన కేసులో భాషను గెలిపించిన యాల్మార్ బ్రాంటింగ్

స్వీడన్‌కు, ఫిన్లాండ్‌కు మధ్య బాల్టిక్ సముద్రంలో ఓలాండ్ దీవులున్నాయి. ఆ దీవుల వాళ్ల మాతృభాష స్వీడిష్. దేశం మాత్రం ఫిన్లాండ్. వందేళ్లు దాటినా అక్కడి బడుల్లో, కచేరీల్లో స్వీడిషే నడుస్తోంది. ఆ ఏర్పాటు కుదిరిన రోజుల్లో స్వీడన్ తరఫున వాదించి, ఓడి, ఆ ఓటమిని మర్యాదగా ఒప్పుకున్న నాయకుడు యాల్మార్ బ్రాంటింగ్. సొంత రాష్ట్రం కాని చోట తరతరాలుగా ఇంటి భాషను నిలుపుకుంటున్న మనం తెలుసుకోదగ్గ జీవితం ఆయనది.

బ్రాంటింగ్ 1860 నవంబర్ 23న స్టాక్‌హోమ్‌లో కలిగిన కుటుంబంలో పుట్టారు. తర్వాత రాజైన ఐదో గుస్తావ్ కూడా ఆయన చదివిన బడిలోనే చదివారు. ఉప్సాల విశ్వవిద్యాలయంలో గణితం, ఖగోళశాస్త్రం చదివి, స్టాక్‌హోమ్ నక్షత్రశాలలో సహాయకుడిగా చేరారు. కార్మికులకు చదువు చెప్పే ఒక సంస్థకు నగర పాలకులు సాయం నిరాకరించారని తెలిసి, ఆ లోటును తన సొంత డబ్బుతో పూడ్చారు. అప్పటికి ఆయన ఇరవైల్లో ఉన్న కుర్రవాడు.

కొద్దికాలానికే నక్షత్రాలను వదిలి పత్రికారంగానికి వచ్చేశారు. మొదట టీడెన్ పత్రికకు, అది మూతపడ్డాక సోషల్ డెమోక్రాటెన్‌కు సంపాదకుడయ్యారు. పత్రికలో అచ్చయిన రాతలకు 1888లో దైవదూషణ కింద శిక్షపడి, మూడు నెలలకు పైగా జైల్లో గడిపారు. ఆయన భార్య అన్నా కూడా పత్రికల్లో నాటక సమీక్షలు రాసిన రచయిత్రి.

1889లో సోషల్ డెమోక్రటిక్ పార్టీ స్థాపకుల్లో ఆయన ఒకరు. 1896లో ఉదారవాదుల మద్దతుతో పార్లమెంటుకు ఎన్నికయ్యారు. 1902 దాకా ఆ పార్టీకి సభలో ఉన్నది ఆయన ఒక్కరే. అప్పట్లో ఆస్తి, ఆదాయం ఉన్నవారికే ఓటు. విప్లవంతో కాదు, ఓటుతోనే కార్మికుడి బతుకు మారాలన్నది ఆయన పట్టు. 1905లో నార్వే విడిపోతానన్నప్పుడు బలప్రయోగం వద్దని నిలబడ్డారు. 1917లో ఉదారవాదులతో కలిసిన ప్రభుత్వంలో ఆర్థిక మంత్రి అయ్యారు. 1921 ఎన్నికల్లో స్వీడన్ స్త్రీలు తొలిసారి పార్లమెంటుకు ఓటేశారు. 1920లో ఆయన ప్రధాని అయ్యారు. తర్వాత మరో రెండుసార్లు ఆ పదవి చేపట్టారు.

ఆయన దౌత్యానికి అసలు పరీక్ష ఓలాండ్. రష్యా నుంచి 1917లో ఫిన్లాండ్ స్వతంత్రమయ్యాక, తమను స్వీడన్‌లో కలపాలని ఏడు వేల మందికి పైగా దీవివాసులు సంతకాలు చేశారు. 1920లో వారి నాయకులిద్దరిని ఫిన్లాండ్ రాజద్రోహ నేరం కింద అరెస్టు చేసింది. స్వీడన్‌లో ఆగ్రహం రేగింది. అప్పటి ప్రధాని బ్రాంటింగే. తగాదాను బ్రిటన్ నానాజాతి సమితి ముందుంచింది. బ్రాంటింగ్ అక్కడికి వెళ్లి, దీవుల ప్రజలనే అడిగి తేల్చాలని వాదించారు.

1921 జూన్‌లో వచ్చిన తీర్పు ఫిన్లాండ్‌కు అనుకూలమైంది. అయితే షరతులు పెట్టారు. బడుల్లో బోధన స్వీడిష్‌లోనే జరగాలి, భూమి స్థానికుల చేతుల్లోనే ఉండాలి, దీవులకు స్వపరిపాలన కావాలి. బ్రాంటింగ్ తన అసమ్మతిని నమోదు చేశారు, అయినా స్వీడన్ తీర్పుకు కట్టుబడింది. దీవులు కావాలని సైన్యాన్ని పంపలేదు. 1922 జూన్‌లో ఓలాండ్ సొంత శాసనసభ తొలిసారి సమావేశమైంది.

1921 నోబెల్ శాంతి బహుమతిని ఆయన నార్వేకు చెందిన క్రిస్టియన్ లాంగెతో పంచుకున్నారు. సమితిలో నిరాయుధీకరణ కోసం పనిచేస్తూనే ఆరోగ్యం చెడింది. 1925 జనవరిలో ప్రధాని పదవి వదిలి, ఫిబ్రవరి 24న కన్నుమూశారు.

సరిహద్దు మారకపోయినా భాషకు రాతపూర్వకమైన హామీ దొరికితే అది బతుకుతుందని ఓలాండ్ చూపించింది. మన రాజ్యాంగంలోనూ భాషా మైనారిటీల పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో చెప్పే వసతి కల్పించాలని 350ఎ అధికరణ ఉంది. హామీ కాగితం మీద ఉంటే సరిపోదు. పిల్లల్ని ఆ బడికి పంపే ఇళ్లు కూడా ఉండాలి. ఓలాండ్‌లో ఆ రెండూ ఉన్నాయి.