కథల్లో కెమిస్ట్రీ చెప్పిన కోనన్ డాయల్

షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త సర్ ఆర్థర్ కోనన్ డాయల్ 1859 మే 22న స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో జన్మించారు. తండ్రి తాగుడుకు బానిస కావడంతో ఇంట్లో ఇబ్బందులే. తల్లి మాత్రం చక్కగా కథలు చెప్పేది. వైద్యం చదువుతూనే ఆయన డాక్టర్ల దగ్గర సహాయకుడిగా పనిచేశారు. రోగిని చూసి అతని వృత్తిని కూడా చెప్పగల గురువు జోసెఫ్ బెల్ వద్ద పరిశీలన నేర్చుకున్నారు.

1887లో వెలువడిన తొలి నవలలో హోమ్స్ ప్రయోగశాలలోనే పరిచయమవుతాడు. బట్టమీది మరక నెత్తురా, తుప్పా, పండ్లరసమా? హిమోగ్లోబిన్‌తో మాత్రమే అవక్షేపమిచ్చే రసాయనం దొరికిందని సంబరపడతాడు. ఆ రసాయనం కల్పితం, ప్రశ్న మాత్రం నిజం. 1910లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో నేరపరిశోధన ప్రయోగశాల స్థాపించిన ఎడ్మండ్ లొకార్డ్ కూడా ఈ కథల అభిమానే.

భారతీయ సంతతి న్యాయవాది జార్జ్ ఎడాల్జీ గుర్రాన్ని గాయపరిచాడన్న నేరంపై 1903లో జైలుపాలయ్యారు. అంత చూపు తక్కువ మనిషి చీకట్లో పొలాలు దాటి ఆ పని చేయలేడని 1907లో డాయల్ వాదించారు. ఆ ఏడాదే ఎడాల్జీకి క్షమాభిక్ష లభించింది. డాయల్ 1930 జులై 7న కన్నుమూశారు.

మిత్రులారా! ఒకప్పుడు నాచారంలో, ఇప్పుడు మన ఉప్పల్‌లో ఉన్న సీడీఎఫ్‌డీలో డీఎన్ఏ పరీక్షలు జరుగుతున్నాయి. దోషిని పట్టించే శాస్త్రమే నిర్దోషినీ కాపాడుతుంది. ఈసారి ల్యాబ్‌లో టెస్ట్‌ట్యూబ్ పట్టుకున్నప్పుడు ఈ మాట గుర్తుంచుకుందాం.