నేలను నడిచి చదివిన మనిషి: రాబర్ట్ బ్రూస్ ఫూట్

కర్నూలు, కడప వాళ్ళకు నాపరాయి అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. ఇంట్లో నేలకు పరిచింది అదే, వీధి అరుగు అదే, పొలం గట్టున కంచెలా నిలబెట్టిందీ అదే. బేతంచెర్ల బండలు, కడప బండలు అని పేరు పెట్టుకొని లారీల్లో దేశమంతా పోతున్నదీ అదే. పుట్టినప్పటినుంచీ దానిమీదనే నడుస్తున్నాం గనుక ఒకసారి వంగి చూద్దామని మనకు తోచదు. అలా వంగి చూడటమే జీవితకాలపు పనిగా పెట్టుకున్న మనిషి ఒకాయన ఈ నేల మీద తిరిగాడు. ఆయన పేరు రాబర్ట్ బ్రూస్ ఫూట్. ఇంగ్లీషులో ఆ ఇంటిపేరు పలికితే పాదం అన్నట్టే వినిపిస్తుంది. పేరుకు తగ్గ మనిషి అనిపించుకోవటం అందరివల్లా కాదు, ఆయనవల్ల అయింది.

1834 సెప్టెంబరు 22న ఇంగ్లండులోని చెల్టన్‌హామ్‌లో ఫూట్ పుట్టాడు. 1858 చివరలో, ఇరవై నాలుగేళ్ళ వయసులో, జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఉద్యోగంలో చేరాడు. మద్రాసు రాజధానికి పంపారు. ఇక్కడి రాళ్ళేమిటి, ఎక్కడ ఏ ఖనిజం ఉంది, పటాలు గీసి ఇవ్వమన్నారు. దొరతనానికి కావలసింది బొగ్గు, ఇనుము, బంగారం. ఆ సంగతి మరిచిపోయి ఆయన్ను దేవుణ్ణి చేయనక్కరలేదు. కాని జీతం ఇచ్చినవాడు అడిగిన దానికంటే ఎక్కువ చూడగలిగిన కళ్ళు ఆయనకున్నాయి. అందుకే ఇవాళ ఆయన్ను తలుచుకుంటున్నాం.

ఆనాటి సర్వే ఉద్యోగం ఎలా ఉండేదో కొంచెం ఊహించుకోండి. వానాకాలమంతా ఆఫీసులో కూర్చొని తెచ్చిన రాళ్ళు పరీక్షించటం, నివేదికలు రాయటం. చలి మొదలయ్యేసరికి డేరాలు, పెట్టెలు బండ్ల మీద వేసుకొని బయలుదేరటం. ఎండలు ముదిరేదాకా డేరాలోనే కాపురం. మన సీమలో ఇంకో కాలంలో ఆ పని జరిగేది కాదు. చైత్రం వచ్చిందంటే బండ మీద కాలు పెడితే బొబ్బలెక్కుతుంది. వానలు పడితే వాగులు దారి మూసేస్తాయి, నల్లరేగడిలో బండిచక్రం ఇరుసుదాకా దిగబడుతుంది. మార్గశిరం, పుష్యం, మాఘం — ఈ నెలల్లోనే కాలు సాగుతుంది. పొద్దున చలిలో బయలుదేరి, బండి వెళ్ళలేని కొండదారుల్లో, అడవిబాటల్లో, వంక వెంబడి నడుస్తూ, సుత్తితో రాయి కొట్టి చూసి, పటంలో గుర్తు పెట్టుకొని సాయంత్రానికి డేరా చేరాలి. నాలుగు రోజులకు డేరా ఇంకో ఊరికి మారాలి. ఇలా ఒకటి రెండు కాదు, ముప్పైమూడేళ్ళ సర్వీసు.

1863 మే 30న మద్రాసు దగ్గర పల్లావరంలో, సైన్యం మైదానం పక్కనున్న కంకర గుంటలో, ఫూట్‌కు ఒక రాయి కనిపించింది. చెక్కినట్టున్న రాయి. ఆ గుంటలో కంకర తవ్వినవాళ్ళు అలాంటివి ఎన్ని గంపకెత్తి పోశారో ఎవరికి తెలుసు! అంతకు నాలుగేళ్ళ ముందే, 1859లో, ఫ్రాన్సులో దొరికిన చెకుముకిరాతి పనిముట్లు అతి ప్రాచీన మానవుడివేనని ఐరోపా పండితులు ఒప్పుకున్నారు. ఫూట్‌కు ఆ సంగతి తెలుసు. తెలుసు గనుకనే చూడగలిగాడు. అదృష్టం అంటారు గాని, చదువుకున్న కంటికే అది పడుతుంది. అదే ఏడు సెప్టెంబరు 28న తోటి ఉద్యోగి విలియం కింగ్‌తో కలిసి తిరుగుతుంటే, అత్తిరంపాక్కం దగ్గర నేలలోంచి అటువంటివే మరికొన్ని బయటపడ్డాయి. భారతదేశంలో పాతరాతియుగపు మనిషి ఉన్నాడని లోకానికి తెలిసింది అలాగ. ఆ అత్తిరంపాక్కం పనిముట్ల వయసు దాదాపు పదిహేను లక్షల ఏళ్ళని 2011లో ప్రకటించారు. ఫూట్ కలలో కూడా అంత కాలం ఊహించి ఉండడు.

మద్రాసు సంగతి ఇంతసేపు ఎందుకంటారా? ఆ కింగ్ గారే మన కర్నూలు, కడప రాళ్ళను చదివినవాడు. 1872లో ఆయన గ్రంథం వచ్చింది. పాపఘ్ని, చెయ్యేరు, నల్లమల, నార్జి, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల — మన ఏళ్ళూ కొండలూ ఊళ్ళూ శిలల పేర్లయి భూగర్భశాస్త్రంలో నిలబడటానికి అదే మూలం. కడప శిలల్లో అడుగువి నూట ఎనభై కోట్ల ఏళ్ళకు పైబడినవని ఈనాటి లెక్క. ఈ కొండల మధ్య గులకమేటల్లో కూడా పాతరాతియుగపు పనిముట్లు దొరికాయి. అంటే మన ఊరి వంకలోనూ ఆ మనిషి నీళ్ళు తాగాడన్నమాట.

ఇక ఫూట్ కథలో మనకు అన్నిటికంటే దగ్గరి ఘట్టం 1884లో జరిగింది. బేతంచెర్ల దగ్గర సున్నపురాతి గుహలున్నాయి. బిల్లసర్గమని కొందరు, బిలస్వర్గమని కొందరు అంటారు. 1844లో న్యూబోల్డ్ అనే సైనికాధికారి వాటిని చూసి, అక్కడ ఎముకలున్నాయని రాశాడు. ఆ తర్వాత నలభై ఏళ్ళు పట్టించుకున్నవాళ్ళు లేరు. ఇంగ్లండులో పేరుమోసిన శాస్త్రవేత్త హక్స్‌లీ, అప్పటి మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌కు ఆ గుహలు తవ్వించి చూడమని సలహా ఇచ్చాడు. గుహల్లో ఆదిమానవుడి ఎముకలే దొరుకుతాయేమోనని పెద్దవాళ్ళ ఆశ. పని ఫూట్ మీద పడింది. యాభై ఏళ్ళ వయసులో ఆయన మళ్ళీ డేరా ఎత్తుకున్నాడు. ఆ ఏడే బెలుం గుహలనూ రికార్డుకెక్కించాడు. ఆ బెలుం గుహల్నే ఒక శతాబ్దం తర్వాత, 1982 నుంచి 84 దాకా, జర్మన్ అన్వేషకులు కొలిచారు. 2002 నుంచి టికెట్టు కొని మనమూ చూస్తున్నాం.

బిల్లసర్గంలో ఫూట్ తవ్వటం మొదలుపెట్టాడు. తర్వాత సైన్యంలో లెఫ్టినెంటుగా ఉన్న ఆయన కొడుకు హెన్రీ ఆ తవ్వకం 1885 దాకా సాగించాడు. బయటపడిన ఎముకలు చూస్తే ఇది మన కర్నూలేనా అనిపిస్తుంది. ఖడ్గమృగం! లిడెక్కర్ అనే పండితుడు 1886లో దానికి కర్నూలు పేరే పెట్టాడు. చుక్క నీటికి మొగం వాచిన ఈ సీమలో ఖడ్గమృగం మేసిన కాలం ఒకటుండేది. ఎముకలతో చెక్కిన పనిముట్లు కూడా ఉన్నాయని ఫూట్‌లు చెప్పారు. ఆదిమానవుడి అస్థికలు మాత్రం, హక్స్‌లీ ఆశించినట్టు, దొరకలేదు. ఆ ఎముక పనిముట్లను కూడా చాలామంది నమ్మలేదు. అవి మనిషి చెక్కినవేనా అని సందేహించారు. ఫూట్ బతికుండగా ఆ సందేహం తీరలేదు.

అది తీరింది దాదాపు తొంభై ఏళ్ళకు. 1970ల దశకంలో ఎం.ఎల్.కె. మూర్తి బేతంచెర్ల ప్రాంతంలోనే ముచ్చట్ల చింతమాను గవి తవ్వి చూశారు. చూడండి ఆ పేరు ఎంత మన పేరో! అక్కడ ఎముక పనిముట్లు పుష్కలంగా దొరికాయి. పొయ్యి మంటకు కాలిన మట్టి వయసు లెక్కగడితే సుమారు 17,000 ఏళ్ళు. గుహల్లో ఎముక చెక్కుకున్న మనుషులు ఉన్నమాట నిజమేనని తేలింది.

ఫూట్ చెప్పినవన్నీ నిజమయ్యాయా అంటే కాలేదు. పాతరాతియుగానికీ కొత్తరాతియుగానికీ నడుమ మనిషే లేని చాలా పెద్ద విరామం ఉందని ఆయన గట్టిగా నమ్మాడు. తర్వాతి పరిశోధనలు ఆ విరామాన్ని పూడ్చేశాయి. ఆశ్చర్యమేమంటే, ఆ పొరపాటు దిద్దటానికి పనికొచ్చిన సాక్ష్యాల్లో ఈ కర్నూలు గుహలు కూడా ఉన్నాయి. అటు బళ్ళారి వైపు బూడిద దిబ్బలు పశువుల పేడ కాలి ఏర్పడ్డవేమోనని ఆయన అన్నమాట మాత్రం, 1957లో పాలమూరు జిల్లా ఉట్నూరు తవ్వకాలతో నిజమని నిలబడింది. ఒకటి ఓడింది, ఒకటి గెలిచింది.

1891లో ఆయన సర్వే నుంచి రిటైరయ్యాడు. తర్వాత కూడా బరోడా, మైసూరు సంస్థానాల కోసం నడుస్తూనే ఉన్నాడు. ఏర్కాడు కొండ మీద ఇల్లు కట్టుకొని, నలభై ఏళ్ళు ఏరిన రాళ్ళన్నీ సర్దుకున్నాడు. నాలుగు వందలకు పైగా స్థలాలనుంచి తెచ్చినవి. 1904లో మద్రాసు మ్యూజియం కోసం ప్రభుత్వం వాటిని కొన్నది. 1912 డిసెంబరు 29న, ఇంకా చలికాలంలోనే, కలకత్తాలో కన్నుమూశాడు. ఆ రాళ్ళ పట్టికలు ఆయన పోయాకనే 1914లో, 1916లో అచ్చయ్యాయి.

ఆ పట్టికల్లో ఉంది ఆయన గొప్పతనమంతా. ప్రతి రాయికీ ఒక అంకె, అది దొరికిన చోటు పేరు. చోటు పేరు లేని రాయి ఉత్త రాయి. చోటు తెలిస్తే అది సాక్ష్యం. రాయి ఏరటం ఎవరైనా చేస్తారు. సాయంత్రం అలిసిపోయి వచ్చి, లాంతరు వెలుగులో ఆ నాలుగు మాటలు రాసిపెట్టడమే కష్టం. ఒక్క లోటు మాత్రం మనసును కలుక్కుమనిపిస్తుంది. రాళ్ళకు పేర్లున్నాయి గాని, డేరాలు మోసినవాళ్ళకు, బండి తోలినవాళ్ళకు, గవి దారి చూపించినవాళ్ళకు, లోపల మట్టి తవ్వి ఎత్తినవాళ్ళకు ఆ పట్టికల్లో చోటు లేదు. వాళ్ళు మన తాతల తాతలు.

ఇదంతా ఇప్పుడెందుకు? ఫూట్ చదివిన పుస్తకం పేజీలు చిరిగిపోతున్నాయి గనుక. బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో, ఎక్కడో సుమత్రా దీవిలో 74,000 ఏళ్ళ కిందట టోబా అగ్నిపర్వతం పేలి వెదజల్లిన బూడిద పొర ఉంది. ఆ బూడిదకు పైనా, కిందా కూడా మనిషి చెక్కిన రాళ్ళున్నాయని 2007లో లోకానికి తెలియజేశారు. అంతటి విపత్తును దాటుకొని మనిషి మన జుర్రేరు లోయలో నిలబడి ఉండవచ్చునన్నమాట. అదే బూడిదను పాత్రలు తోమే పొడికనీ, బట్టల పొడికనీ తవ్వి అమ్ముకున్నారు. నాపరాళ్ళ గనులు ఎటు చూసినా తవ్వుతూనే ఉన్నారు. కూలి దొరికే పనిని తప్పుపట్టటం నా ఉద్దేశం కాదు. పొట్టకూటికి తవ్వేవాడికి ఆ పొరలో ఏముందో చెప్పవలసిన చదువుకున్నవాళ్ళం, మనం చెప్పలేదు. అది మన తప్పు.

కనుక మిత్రులారా, ఈ సంక్రాంతి సెలవుల్లో ఒక్క రోజు తీయండి. సద్దిమూట కట్టుకోండి. నల్లమల లోపలికైతే అటవీశాఖ అనుమతి లేనిదే వెళ్ళకూడదు, అది పులుల అభయారణ్యం. కాని బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల పల్లెబాటలు ఎవరినీ కాదనవు. నడవండి. చెక్కినట్టున్న రాయి కనిపిస్తే జేబులో వేసుకోకండి, అక్కడే ఉండనివ్వండి. ఏ ఊరు, ఏ వంక, ఏ గట్టు అన్నది నోటుబుక్కులో రాసుకొచ్చి మీ లెక్చరరుకు చూపించండి. దారి చూపించిన ముసలాయన పేరు కూడా పక్కనే రాయండి. ఫూట్ రాయకుండా వదిలేసింది అదొక్కటే.