ఊపిరికి కొలత నేర్పిన హాల్డేన్

రాయపూర్ వంటి నగరాలలోని పెద్ద ఆసుపత్రులలో ఊపిరితిత్తులలోకి సన్నని గొట్టం పంపి పరీక్ష చేస్తారు. దీనిని బ్రాంకోస్కోపీ అంటారు. అసలే ఊపిరి చాలని రోగికి ఈ గొట్టం గాలిదారిని మరికొంత ఇరుకు చేస్తుంది. అందువల్ల పరీక్ష సాగినంతసేపూ ఆక్సిజన్ అందిస్తూ, వేలికి తగిలించిన పరికరంలో రక్తంలోని ఆక్సిజన్ శాతాన్ని గమనిస్తారు. ఇలా కొలిచి, ఆపకుండా ఆక్సిజన్ ఇచ్చే పద్ధతికి దారి వేసినవారిలో జాన్ స్కాట్ హాల్డేన్ ముఖ్యుడు.

హాల్డేన్ 1860లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో జన్మించాడు. 1884లో అక్కడే వైద్యపట్టా పొందాడు. అయితే ఆయన ధ్యాసంతా మనం పీల్చే గాలి మీదనే. బొగ్గుగనుల పేలుళ్ళలో మంటల కంటె కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువే ఎక్కువమందిని చంపుతున్నదని 1896లో తేల్చాడు. కోర్బా, సింగరేణి గనుల సంగతి విన్నవారికి ఈ మాట విలువ వేరే చెప్పనక్కరలేదు. ఆ వాయువును తానే పీల్చి, తన రక్తాన్నే పరీక్షించుకున్న మనిషి ఆయన! మన శ్వాసను ముఖ్యంగా నడిపించేది రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ అని 1905లో సహచరునితో కలిసి నిరూపించాడు.

1915 ఏప్రిల్‌లో, మొదటి ప్రపంచయుద్ధంలో, బెల్జియంలోని ఈప్ర్ వద్ద జర్మన్ సైన్యం క్లోరిన్ వాయువు వదిలింది. ఊపిరితిత్తులలో నీరు చేరి, సైనికులు ఒడ్డునే మునిగిపోయినట్లు మరణించారు. బ్రిటిష్ ప్రభుత్వం హాల్డేన్‌ను అక్కడికి పంపింది. ఆక్సిజన్ సిలిండర్లు అప్పటికే ఉన్నాయి. కాని రోగి ముఖం దగ్గర గరాటు పట్టుకొని కొద్దిసేపు వదిలేవారు. అందులో చాలా భాగం గదిలోని గాలిలో కలిసిపోయేది. హాల్డేన్ ముఖానికి బిగుతుగా అమరే మాస్కు, దానికొక సంచి, నిమిషానికి ఎన్ని లీటర్లు పోవాలో నిర్ణయించే మర గల పరికరాన్ని తయారుచేశాడు. 1917లో దీనిపై వ్యాసం ప్రకటించాడు. ఆక్సిజన్ జబ్బును నయం చేయదు. ఊపిరితిత్తులు కోలుకునే దాకా ప్రాణం నిలుపుతుంది. బ్రాంకోస్కోపీలోనూ అంతే, వైద్యుడు పని ముగించేంత వ్యవధిని అది ఇస్తుంది.

ఎక్కువ ఇస్తే ఇంకా మంచిది కదా అని మీకు అనిపించవచ్చు. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు గల కొందరికి మితిమీరి ఇస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి, వారు మత్తులోకి జారుకుంటారు. కొలత అవసరం ఇక్కడే తెలుస్తుంది.

హాల్డేన్ 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో మరణించాడు. 1915లో విషవాయువుల ప్రయోగాలలో తండ్రికి తోడుగా నిలిచిన కుమారుడు జె.బి.ఎస్. హాల్డేన్ తరువాత గొప్ప శాస్త్రవేత్త అయ్యాడు. 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు విద్యార్థుల చదువు కోసం అప్పగించారు.