మోక్షగుండము విశ్వేశ్వరయ్య

గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు ప్రాంతముల పల్లెలలో పాత మట్టిమిద్దెలు నేటికిని అక్కడక్కడ కనబడుచుండును. మూరకు మించిన మందము గల గోడలు, దూలములు, వాటిపై పరచిన వాసములు, ఆ పైన మెత్తిన మట్టి - ఇదియే ఆ యింటి కట్టడము. వేసవి మధ్యాహ్నమున వెలుపల నిప్పులు చెరగుచున్నను లోపల చల్లగా నుండును. మందమైన గోడ పగటి వేడిమిని తనలో నిలుపుకొని మెల్లమెల్లగా లోనికి విడుచును. ఆ వేడి గదిలోనికి చేరునప్పటికి ప్రొద్దు క్రుంకును. ఇంటివారు మిద్దెపై పడకలు వేసికొందురు. ఈ యిండ్లను కట్టినవారు ఏ కళాశాలలోను చదువలేదు. ఐనను ఎండను గూర్చి వారెరుగనిది లేదు.

కాని ఇంటికి శత్రువు ఎండ యొక్కటియే కాదు. గోడను కరగించు వరద కలదు. వాకిట నిలిచి రోగమును పుట్టించు మురుగు కలదు. గృహస్థు ఎంత మందముగా గోడ పెట్టినను ఈ రెంటిని ఒంటరిగా తొలగింపజాలడు. అది ఊరంతయు కలిసి, ఊరికి ఎగువన నున్న నేలను దిగువన నున్న నేలను చూచి, ఆలోచింపవలసిన పని. హైదరాబాదు నగరమునకు అట్టి ఆలోచన చేసిపెట్టిన యింజనీరు మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు.

వారి పూర్వుల ఊరు మోక్షగుండము. అది తెలుగునాటిది. ఆ తెలుగు కుటుంబము ఏనాడో మైసూరు సీమకు తరలిపోయెను. ఊరి పేరు మాత్రము ఇంటిపేరై నిలిచెను. విశ్వేశ్వరయ్యగారు 1861వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన ముద్దెనహళ్లి గ్రామమున జన్మించిరి. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మ. బాల్యముననే తండ్రి మరణించుటచే ఆ బాలునకు చదువు కష్టసాధ్యమయ్యెను. బెంగళూరు చేరి, ఒక యింట పిల్లలకు పాఠములు చెప్పుచు, ఆ వచ్చుబడితో చదువుకొని 1881లో బి.ఏ. పట్టము పొందిరి. పిదప మైసూరు ప్రభుత్వమువారి విద్యార్థి వేతనముతో పూనా నగరమునకు పోయి 1883లో ఇంజనీరింగు పరీక్షలో ప్రథములుగా నిలిచిరి. మరుసటి యేట బొంబాయి రాష్ట్రమున ఉద్యోగము లభించెను.

ఆయన పనితీరు ఎట్టిదో సుక్కూరు పట్టణమున తేటపడినది. నేడు పాకిస్తానులో నున్న ఆ పట్టణము సింధునది యొడ్డున ఉన్నది. నది నిండ నీరున్నను అది బురదనీరు. వడపోత చెరువులు కట్టుటకు పురపాలక సంఘమునకు ధనము చాలలేదు. విశ్వేశ్వరయ్యగారు నదినే చూచిరి. నదిలోని యిసుకయే మంచి వడపోత సాధనము కదా! ఇసుకలో లోతుగా బావి త్రవ్వించిరి. బురద యిసుకలోనే నిలిచిపోయి తేటనీరు బావిలోనికి ఊరెను. అచ్చటినుండి ఆ నీటిని యంత్రముతో కొండమీదికి ఎక్కించి ఇండ్లకు పంచిరి. 1895 నాటికి ఆ పని ముగిసెను. ప్రకృతి ఉచితముగా చేసిపెట్టు పనికి మనుష్యుడు వేరుగా ఖర్చు పెట్టనక్కరలేదు అను లెక్క ఆయన పనులన్నిటను కానవచ్చును.

పూనా సమీపమున ఖడక్‌వాస్లా జలాశయమునకు ఆయన అమర్చిన తలుపులును అట్టివే. వరద వచ్చినపుడు అర్ధరాత్రి వేళ కాపలాదారుడు పరుగెత్తిపోయి తలుపు లెత్తవలసిన అవసరము లేదు. నీటిమట్టము గుర్తు దాటగానే తలుపులు తమంతట పైకి లేచును. మట్టము తగ్గగానే తమంతట మూసికొనును. 1903లో వీటిని నెలకొల్పిరి. ఈ కల్పనకు ఆయన పేటెంటు పొందిరి.

వనపర్తి ప్రాంతపు విద్యార్థులకు ఇది కొత్త సంగతి కాకపోవచ్చును. కొత్తకోట దగ్గర 1949లో ఆరంభమై 1959లో పూర్తియైన సరళాసాగరము కట్టలో సైఫను లున్నవి. ఆ యమరిక వేరు. దానిని చేసినవారును వేరు. కాని నీరు నిండినపుడు మనుష్యుని చేయి గాని, యంత్రపు బలము గాని లేకయే మిగులు నీరు బయటికి పోవుట రెండుచోట్లను ఒక్కటే. అట్టి కట్టయు 2019 డిసెంబరు 31వ తేదీన తెగెను. తానుగా పనిచేయు యేర్పాటును కూడ ఎవరో ఒకరు కనిపెట్టి చూచుకొనుచుండవలసినదే.

విశ్వేశ్వరయ్యగారు 1908లో బొంబాయి కొలువు చాలించుకొని విదేశములలో సంచరించుచుండగా హైదరాబాదులో గొప్ప విపత్తు సంభవించెను. ఆ యేడు సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచివేసెను. వేలకొలది జనులు మరణించిరి. నది యొడ్డున నున్న పేదల మట్టియిండ్లు మొదటనే కరగిపోయెను. ఎండనుండి ఎన్నో యేండ్లు కాపాడిన గోడలు నీటిముందు కొన్ని గడియలైనను నిలువలేదు. అఫ్జల్‌గంజి దగ్గర నున్న ఒక చింతచెట్టు కొమ్మలను పట్టుకొని రమారమి 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టును నగరవాసులు నేటికిని చూపుదురు.

నిజాము ప్రభుత్వమువారు పిలువగా 1909 ఏప్రిలులో ఆయన హైదరాబాదు చేరిరి. నది గట్లను ఎత్తుచేసిన చాలునని అనుకొనువారు అప్పుడు ఉండకపోలేదు. విశ్వేశ్వరయ్యగారు మాత్రము నగరమును విడిచి ఎగువకు నడచిరి. ఎచ్చట ఎంత వాన పడినది, ఏ చెరువు ఎప్పుడు తెగినది అని విచారించిరి. ఇచ్చట వానలెక్కలు తగినన్ని లేకపోగా ఇరుగుపొరుగు రాష్ట్రముల లెక్కలు తెప్పించి పోల్చిచూచిరి. నగరమునకు ఎగువన 862 చదరపు మైళ్ల నేలమీద పడిన వాన మూసీలోనికి వచ్చును. ఆ నేలమీద 788 చెరువులు కలవు. ఆ వరదలో వానిలో 221 చెరువులు తెగినవి. పై చెరువు తెగి క్రింది చెరువుమీద పడుటచే వాననీటికి చెరువునీరు తోడయ్యెను. నగరమువద్ద సెకనుకు 4,25,000 ఘనపుటడుగుల నీరు పారినదని ఆయన లెక్క తేల్చిరి. అంత నీటిని గట్ల నడుమ పట్టి ఉంచుట ఎవరి తరము?

కావున నీటిని ఎగువననే ఆపవలెనని నిర్ణయించి, మూసీమీద ఒకటియు, దాని ఉపనదియైన ఈసీమీద ఒకటియు జలాశయములు కట్టవలెనని అక్టోబరులో నివేదిక సమర్పించిరి. వరద వచ్చినపుడు నీరు వానిలో నిలిచి, నగరము తాళగలిగినంత మాత్రమే క్రిందికి పోవును. నిలిచిన నీరు ఇండ్లకు త్రాగునీరగును. ఒక్క కట్టతో రెండు పనులు! వీనిలో మొదటిది 1920లో పూర్తియై ఉస్మానుసాగర మని పేరొందినది. జనులు గండిపేట చెరువందురు. రెండవది హిమాయత్‌సాగరము, అది 1927లో పూర్తియయ్యెను. కట్టించినవారు వేరు ఇంజనీర్లు. వారి శ్రమను మనము మరువరాదు. ఈ చెరువులు నగరముకంటె మెరకన నున్నందున, నీరు కాలువ వాలు వెంబడి తానుగా ఆసిఫ్‌నగరు వడపోత చెరువులకు చేరెను. దానిని తోడుటకు బొగ్గును కాల్చవలసిన పని లేకపోయెను.

నీరు వచ్చిన యింటినుండి మురుగు పోవలెను గదా. నాటి నగరమున మురుగు వీధికాలువలలో పారి, గుంటలలో నిలిచి, తుదకు మూసీలో కలియుచుండెను. 1911లో ప్లేగు వ్యాపించి నగరమును పీడించినది. భూగర్భ మురుగుకాలువలు లేక నగరము శుభ్రపడదని విశ్వేశ్వరయ్యగారు మొదటనే సూచించి యుండిరి. ఆ పనిని సాగించుటకు 1922లో ప్రభుత్వమువారు ఆయనను మరల పిలిపించిరి.

మురుగుగొట్టము చూపునకు అల్పమైన వస్తువు. దానికి గౌరవము లేదు; నేలలో పూడ్చిన పిదప దానిని తలచువారును లేరు. కాని దాని వాలును నిర్ణయించుట సూక్ష్మమైన లెక్క. వాలు తక్కువయైనచో మడ్డి అడుగున పేరుకొని గొట్టము పూడిపోవును. సెకనుకు రమారమి 2, 3 అడుగుల వేగముతో నీరు పారినచో ఆ ప్రవాహమే గొట్టమును కడిగికొనుచు పోవును. ఇంటినుండి వీధిగొట్టమునకు పోవు దారిలో ఒక వంపు పెట్టుదురు. ఆ వంపులో ఎల్లప్పుడు కొంచెము నీరు నిలిచి, దుర్గంధము వెనుకకు ఇంటిలోనికి రాకుండ అడ్డుపడును. అంగుళములలో కొలువదగిన ఆ నీటిపొర ఒక కుటుంబమును కాపాడును. ఇట్లు ఇల్లిల్లును విడిచిన మురుగును నగరము వెలుపల అంబరుపేట దిక్కునకు కొనిపోయి పొలములకు పారించు యేర్పాటు ఆ పథకమున చేరియుండెను. నగరము పారవైచినది చేనికి ఎరువయ్యెను.

ఈ రెండు పనుల నడుమ ఆయన మైసూరులో చేసిన సేవ లోకవిదితము. 1909లో ఆ సంస్థానమునకు ప్రధాన ఇంజనీరు, 1912 మొదలు 1918 వరకు దివానుగా నుండిరి. కావేరిపై కృష్ణరాజసాగరము, బెంగళూరులో ఇంజనీరింగు కళాశాల, మైసూరు బ్యాంకు ఆ కాలమున ఆరంభమైనవే. దివానుగిరి యొక్క వైభవముకంటె, చెప్పిన వేళకు వచ్చుట, లెక్క తప్పకుండుట - ఈ రెంటినే ఆయన జీవితాంతము ఎక్కువగా పాటించిరని తోచును. 1955లో భారత ప్రభుత్వము భారతరత్న బిరుదముతో ఆయనను గౌరవించెను.

హైదరాబాదు ఆ తరువాత ఆయన లెక్కలను మించి పెరిగిపోయెను. ఆ రెండు చెరువుల నీరు చాలకపోగా మంజీర, కృష్ణా, గోదావరుల నీరు తెచ్చుకొనవలసివచ్చెను. గద్వాల సీమను ఒరసికొని పోవు కృష్ణ, దిగువన నాగార్జునసాగరమున నిలిచిన పిదప, విద్యుత్‌యంత్రములచే మెరకకు ఎత్తబడి నగరపు కుళాయిలకు చేరుచున్నది. అందులో ప్రతి బిందెకును కొంత విద్యుత్తు ఖర్చగుచున్నది. పాత చెరువుల గర్భములందును, వాననీటి కాలువల మీదను ఇండ్లు లేచినవి. 2020 అక్టోబరులో కుండపోత వాన కురిసినపుడు అట్టి యిండ్లెన్నో నీట మునిగెను. ఆ దినములలో హిమాయత్‌సాగరము నిండగా దాని తలుపులెత్తి నీటిని మూసీలోనికి వదలిరి.

విశ్వేశ్వరయ్యగారు నూరేండ్లు నిండిన పిదప, 1962 ఏప్రిలులో బెంగళూరునందు కాలధర్మము నొందిరి. స్వగ్రామమైన ముద్దెనహళ్లిలో వారికి అంత్యక్రియలు జరిగెను. వారు పుట్టిన యిల్లు నేడు ప్రదర్శనశాలగా నున్నది.