బంగాళాదుంపకు గౌరవము గూర్చిన పార్మాంటియే

బంగాళాదుంపను సన్నని ముక్కలుగా కోసి, కాగిన నూనెలో వేయించి, ఉప్పు చల్లి తినుట నేడు లోకమంతటను సామాన్యము. మనలో కొందరు ఉర్లగడ్డ యనియు, కొందరు ఆలుగడ్డ యనియు పిలుచు ఈ దుంపను ఒకప్పుడు ఫ్రాన్సు దేశీయులు పశువుల మేతకే తగినదని త్రోసివేసిరనిన మన బాలబాలికలకు వింతగా తోచును. ఆ దురభిప్రాయమును పోగొట్టుటకు పాటుపడిన యొక మహనీయుని చరిత్రమును మేమిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఆంట్వాన్ ఓగుస్తాన్ పార్మాంటియే 1737వ సంవత్సరము ఆగష్టు 12వ తేదీన ఫ్రాన్సు దేశమునందలి మోండిడియే పట్టణమున జనించెను. బాల్యముననే తండ్రి గతించుటచే తల్లియే అతనికి చదువు చెప్పెను. పిమ్మట నతడు ఔషధశాలలో పని నేర్చి, 1757లో సైన్యమున చేరి, యుద్ధమునందు ప్రష్యావారికి బందీయయ్యెను.

ప్రష్యారాజగు రెండవ ఫ్రెడరిక్కు 1756లోనే ఈ దుంపను సాగుచేయవలసినదని తన ప్రజల కాజ్ఞాపించియుండెను. కావున చెరలో పార్మాంటియేకు అదియే ముఖ్యాహార మయ్యెను. తన దేశమున హీనముగా నెంచబడిన యా కూటిని తిని అతడు రోగము లేక జీవించెను. విడుదలయైన పిమ్మటను ఆ సంగతిని మరువలేదు.

1763లో యుద్ధము ముగియగా నతడు పారిసు చేరి రసాయనశాస్త్రము నభ్యసించెను. 1766లో ఇన్వాలీద్ అను సైనికుల ఆశ్రమమున ఔషధాధికారిగా నియమింపబడెను. బంగాళాదుంప కుష్ఠరోగమును గలిగించునని నాడు పలువురు భయపడుచుండిరి. ఇంతలో పంటలు చెడి కరువు కలుగగా, ధాన్యమునకు బదులుగా నుపయోగించు ఆహారములను గూర్చి బెజాన్సన్ పండితపరిషత్తు 1771లో పోటీ ప్రకటించెను. పార్మాంటియే వ్యాసమునకు బహుమానము లభించెను. 1773లో ఆ దుంపను రసాయనరీతిని పరీక్షించి గ్రంథమును ప్రకటించెను.

అయినను గ్రంథము చదువని రైతు మనస్సు మారుటెట్లు? 1786లో పారిసు చెంతనున్న సాబ్లోన్ అను ఇసుకనేలను పదునారవ లూయీ రాజువలన పొంది, అందు దుంపలు నాటించెను. పగలు సైనికులను కాపుంచి, రాత్రి వారిని తొలగింపగా, ఇది యేదో విలువైన పంటయని యెంచి ప్రజలు దొంగిలించుకొనిపోయి తమ పొలములలో నాటిరని చెప్పుదురు. ఫ్రెడరిక్కు ఆజ్ఞచే చేసిన పనిని ఇతడు ఆశ పుట్టించి నెరవేర్చెను.

అతని సేవ యింతటితో నిలువలేదు. రొట్టె చేయు పనిని ఉచితముగా నేర్పు పాఠశాల 1780లో పారిసున స్థాపింపబడుటకు తోడ్పడెను. మశూచికమునకు టీకాలు వేయించుటకును కృషిచేసెను. 1813 డిశెంబరు 17న దివంగతుడయ్యెను. అతని సమాధిపై నేటికిని సందర్శకులు బంగాళాదుంపల నుంచుచుందురు.

వేపుడు ముక్కలను కనిపెట్టినవాడు పార్మాంటియే కాడు. ఆ వంటకము తమదే యని ఫ్రాన్సువారును, బెల్జియమువారును నేటికిని వాదించుకొనుచున్నారు. కాని ఆ శతాబ్దమునందే పారిసు వీధులలో వేడివేడి ముక్కలు అమ్ముడుపోవుటకు ప్రజల భయము ముందుగా తొలగవలసియుండెను. విద్యార్థులారా! మనము రుచికై తినునది అతనికి చెరసాల కూడు. దేవుడు నేలలో దాచిన మేలును అతడు ఆకలివేళ గుర్తించి, తనకు మేలైనది పేదలకును మేలగునని నమ్మి, దానికై తన జీవితమును వెచ్చించెను. మనమెల్లరు హీనమని విడిచినదానిని సయితము పరీక్షింపక నిందింపరాదని ఈ చరిత్రము మనకు నేర్పుచున్నది.